బుజ్జమ్మ కడబంతి

బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఉన్న బుజ్జమ్మ మెస్సును బోర్డు చూసి కనుక్కున్నవాళ్లు ఎవరూ లేరు. బోర్డు ఉంటేగా! మధ్యాహ్నం పప్పు తాలింపు వాసన పట్టుకుని పోతే అదే దారి చూపించేది. పిట్లం బస్సు డ్రైవర్లు, కోటగిరి నుంచి వడ్లు తోలుకొచ్చిన ట్రాక్టర్ల వాళ్లు, దెగ్లూరు వైపు నుంచి వచ్చి తెలుగు రాక చేతులతో సైగలు చేసే మరాఠీ బేరగాళ్లు, ఆఫీసు గుమాస్తాలు, పోలీసు జవాన్లు, అందరూ ఆ రేకుల కిందే కూర్చునేవారు. బల్లలు వేసినా ఆవిడ దాన్ని బంతి అనే అనేది. మొదటి బంతి, రెండో బంతి, ఆఖరున కడబంతి. కడబంతి లేచి, ఎంగిలాకులు తీసి, నేల తుడిచాకే బుజ్జమ్మ తన విస్తరి వేసుకునేది. అంతవరకూ ఎవరు ఎంత బతిమాలినా మెతుకు ముట్టేది కాదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. బుజ్జమ్మ దగ్గర ఆ సామెతతో పని ఉండేది కాదు. మొదటి బంతిలో సర్కారు గుమాస్తాకు ఎంత నెయ్యి పడేదో, కడబంతిలో బస్తాలు మోసే హమాలీకీ అంతే పడేది. గుమాస్తా ఇంకో చుక్క కోసం చెయ్యి చాపితే, ఇంకా రెండు బంతులున్నాయి నాయనా అని గరిటె వెనక్కి తీసుకునేది. ఆ నోటికి జడిసి గట్టిగా అడిగిన మగాడు లేడు.

ఆవిడ పుట్టింది గుంటూరు జిల్లాలో. నిజాంసాగర్ కాలువ కింద భూములు దొరుకుతాయని అత్తవారు ముందే వచ్చి కోటగిరి దగ్గర వలస రైతుల క్యాంపులో స్థిరపడ్డారు. బసవపున్నయ్యకు పెళ్లామై ఆవిడ ఆ తర్వాత వచ్చింది. కాపురానికి వచ్చిన రోజు వాన. పొయ్యి తడిసిపోయింది, కట్టెలు రాజుకోలేదు. పక్క పల్లె నుంచి చిన్నవ్వ అనే ముసలామె జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టుకొచ్చి పెట్టింది. పెట్టి పోలేదు, గుమ్మంలో కూర్చుని చూసింది. కొత్తకోడలు సిగ్గుపడి నువ్వూ తిను అవ్వా అంటే, "మీరు తినకుంటే నాకు బుక్క ఎట్ల దిగుతది బిడ్డా?" అంది. గుంటూరులో తన నాయనమ్మా అచ్చం అదే మాట అనేది. మాట తీరు వేరు గానీ కడుపు తీరు ఒకటేనని బుజ్జమ్మకు ఆ రోజే తెలిసింది.

చిన్నవ్వలాంటి వాళ్లే అందరూ ఉంటే ఇంకేం! మీదే ఊరమ్మా అని అడిగేవాళ్లు ఆ రోజు నుంచి అడుగుతూనే ఉన్నారు. కోటగిరి అంటే, అది కాదు, అసలూరు అనేవారు. పెళ్లయి, కూతురు పుట్టి, భర్త పోయి, ఆయన్ని ఇక్కడి మట్టిలోనే కలిపినా ఆ ప్రశ్న తప్పలేదు. తొంభైల్లో ఆయన పోయాక పొలం కౌలుకిచ్చి బాన్సువాడ వచ్చి మెస్సు పెట్టింది. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ మళ్లీ అదే ప్రశ్న. అందుకే బుజ్జమ్మకు ఒక పట్టుదల ఏర్పడింది. తన బంతిలో కూర్చున్న మనిషిని మాత్రం ఊరు అడగకూడదు. కారం ఎక్కువైందా, మజ్జిగ పొయ్యనా, ఇంతవరకే అడిగేది.

రెండువేల మూడులో, ఎండాకాలం, కాలువకు నీళ్లు ఆపేశాక మరమ్మతులు మొదలయ్యాయి. మేస్త్రీ ఒకడు ఎక్కడెక్కడి నుంచో కూలీలను దించాడు. అందులో బెంగాలీ మాట్లాడే కుటుంబాలు కొన్ని. ఎండలో కాలువ గట్టుకు సిమెంటు పూసేవాళ్లు. ఆ ఆడవాళ్లలో మర్జినా అనే పిల్ల ఒకతె చంటిబిడ్డను చీరకొంగులో కట్టుకుని మెస్సు పెరటివైపు వచ్చేది. వార్చిన గంజి అడిగేది. బుజ్జమ్మ గంజిలో ఉప్పూ ఇంత మజ్జిగా కలిపి చెంబు నిండా ఇచ్చేది, పక్కన కూర్చుని తాగిందాకా చూసేది. పాలిచ్చే తల్లి ఒట్టి గంజి తాగితే ఏమొస్తుందని మెల్లగా ఆ గంజి పప్పన్నమైంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. బిడ్డ బొద్దుగా అవుతుంటే ఇద్దరూ చూసి నవ్వుకునేవారు. అంతకంటే పెద్ద పరిచయం ఏమీ లేదు.

ఇంతలో ఎక్కడో దూరాన పట్నంలో ఏదో జరిగింది. సరిహద్దు దాటి వచ్చినవాళ్లను పట్టుకొమ్మని పైనుంచి హుకుం వచ్చిందన్నారు. పట్నంలో ఎవరు దొరికారో తెలియదు గానీ ఇక్కడ కాలువ గట్టున కూలీలు దొరికారు. చేతిలో తాపీలు తప్ప ఇంకేం లేని మనుషులు, పారిపోవడం కూడా రాలేదు. మేస్త్రీకి మాత్రం బాగా వచ్చు, ముందే మాయమైపోయాడు. రేషన్ కార్డులు చూపించినవాళ్లవి దొంగవన్నారు, చూపించలేనివాళ్లకు అసలే లేవన్నారు. మగవాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను కలిపి ఊరి చివర మూతపడ్డ రైసుమిల్లు గోదాములోకి తోలి షట్టరు దించారు. విచారణ అయ్యేదాకా అక్కడే ఉండాలన్నారు. ఎవరు విచారిస్తారని అడిగితే, ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, ఆ ఆఫీసు వాళ్లు జిల్లా పేరు చెప్పారు. తాళం మాత్రం గట్టిది వేశారు.

తిండి బుజ్జమ్మ మెస్సు నుంచి పోవాలని ఆఫీసరు కబురు పెట్టాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, రోజూ మొదటి బంతిలో కూర్చునే మనిషే. ఆవిడ సంతోషించింది కూడా. మర్జినా తన వంటే తింటుంది కదా అనుకుంది. అన్నం పెద్ద గుండిగలో, పప్పు, పులుసు, మజ్జిగ వేరే గిన్నెల్లో, పైన మోదుగాకు విస్తర్ల కట్ట. ఫజల్ తన ఆటోలో పెట్టుకుని మిల్లుకు తీసుకుపోయేవాడు. ఫజల్ ఆ సందులోనే ఉండేవాడు, బుజ్జమ్మను అక్కా అని పిలిచేవాడు. విస్తర్లు కుట్టేది చాంద్రి. తండా నుంచి వచ్చి మెస్సులో వడ్డనకూ అంట్లకూ సాయం చేసే లంబాడా మనిషి. మోదుగాకు ఆమె కుడితే పులుసు పోసినా కారేది కాదు.

ఆ కుట్టిన మనిషే ముందు పట్టుకుంది. "అక్కా, గిన్నెలు ఖాళీగ వస్తున్నయ్. ఆకుల కట్ట ముడి సుత ఇప్పకుంట వాపసొస్తుంది. మరి దేంట్ల తింటుండ్రు?" అని అడిగింది. పళ్లేలు ఉన్నాయేమోలే అనుకుంది బుజ్జమ్మ. మర్నాడు మళ్లీ కట్ట ముడితో సహా వచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఇక ఉండబట్టలేక, రెండో బంతి చాంద్రికి అప్పగించి, ఫజల్ ఆటోలో గిన్నెల పక్కన ఎక్కి కూర్చుంది.

ఆవిడ మిల్లు దగ్గర చూసింది ఇదీ. కాపలా జవాను అన్నం తీసి పాలిథిన్ కవరులో వేసి, దానిమీద పప్పు ఓ గరిటె పోసి, మూతి ముడేశాడు. అలాంటివి గుట్టగా చేసి, నిచ్చెన వేసుకుని, గోడ పైన గాలి కోసం వదిలిన కంతలోంచి ఒక్కొక్కటే లోపలికి విసిరాడు. లోపల నేల మీద పడ్డ చప్పుడు బయటికి వినిపిస్తోంది. కొన్ని పట్టుకున్నారు, కొన్ని పగిలాయి. బుజ్జమ్మ షట్టరు కింద సందులోంచి వంగి చూసింది. పాత ఊక పేరుకున్న గచ్చు మీద అన్నం చెదిరి ఉంది. మర్జినా మోకాళ్ల మీద కూర్చుని మెతుకులు ఏరుకుంటోంది. ఊక ఊది, ఏరి, నోట్లో వేసుకుంటోంది. చంకలో బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి మూస్తోంది. రేకుల కప్పు కింద మనుషులు ఉడికిపోతున్నారు. నీళ్లకు ఒక డ్రమ్ము. ఆడవాళ్ల అవసరానికి మూలన గోనెపట్టా ఒకటి వేలాడదీశారు.

ఆ జవాను పేరు లక్‌పతి. చాంద్రి తండావాడే. ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి భోజనం ఈవిడ మెస్సులోనే చేశాడు. ఏంట్రా ఇదని అడిగితే తల దించుకున్నాడు. తలుపు తీయాలంటే సారు పర్మిషన్ కావాలి, పారిపోతే నా నౌకరీ పోతది అన్నాడు.

మర్నాడు ఆఫీసరు మొదటి బంతికి వచ్చినప్పుడు ఆవిడే స్వయంగా వడ్డించింది. నెయ్యి వేశాక, వాళ్లను బయట చెట్టు కింద కూర్చోబెట్టి ఆకుల్లో పెట్టించమని మెల్లగానే అడిగింది. ఆయన పప్పు కలుపుకుంటూ నవ్వాడు.

"నీ పని వండుడు. పెట్టుడు మా పని. ఆళ్లు మన దేశపోళ్లు కాదమ్మా, నీకెందుకు గంత ఫికర్?"

"ఆకలి ఏ దేశానిదో కనుక్కుని వండడం నాకు చేతకాదండీ," అంది బుజ్జమ్మ. "పెట్టడమంటే విసరడం కాదు. కుక్కక్కూడా చిప్పలో పోస్తాం."

ఆయన ముఖం ముడుచుకుని తినేసి లేచాడు. చాంద్రి వెనక నుంచి, రేపు ఈయన భోజనం కవర్లో కట్టి బల్ల మీద గిరాటెయ్యమని సలహా ఇచ్చింది. బుజ్జమ్మకు నవ్వు రాలేదు. అన్నం విసిరే చెయ్యి నాది కాకూడదే, ఆయనకు బుద్ధి లేకపోతే నా చెయ్యెందుకు పాడు చేసుకోవాలి అంది.

ఆ మధ్యాహ్నం కడబంతి లేచింది. నేల తుడిచి చాంద్రి ఎప్పటిలాగే ఆవిడ విస్తరి వేసి పిలిచింది. బుజ్జమ్మ కదల్లేదు.

"కడబంతి ఇంకా లేవలేదు చాంద్రీ. గోదాములో వాళ్లది ఉంది."

"ఆళ్లకు పోయింది గదక్కా. తిన్నరు గద."

"తినలేదు. ఏరుకున్నారు," అంది బుజ్జమ్మ.

విస్తరి మడిచి పక్కన పెట్టేసింది. ఇంతే మొదలు. దానికి ముహూర్తమూ లేదు, మైకూ లేదు. మంచినీళ్లు తప్ప ఇంకేమీ పుచ్చుకోకుండా మర్నాడు పొద్దున్నే లేచి పొయ్యి రాజేసింది. కూరలు తరిగింది, తాలింపులు వేసింది, బంతులు నడిపింది. ఉపవాసం చేసేవాళ్లు మంచమెక్కి పడుకుంటారు. ఈవిడ ఊరందరికీ వండి వడ్డిస్తూ చేసింది. గోదాముకు గిన్నెలూ పంపింది, పైన ఆకుల కట్టతో సహా. కట్ట అలాగే తిరిగొచ్చింది.

మన దగ్గర వడ్డించే మనిషిని "నువ్వు తిన్నవా?" అని అడగడం ఒక అలవాటు, జవాబు కోసం అడిగేది కాదు. కానీ ఇప్పుడు జవాబు వచ్చేది. లేదు నాయనా, మన మెస్సు భోజనమే తినేవాళ్లు గోదాములో నేలమీద మెతుకులు ఏరుకుంటున్నారు, వాళ్లు ఆకులో తిన్నాక తింటాను అనేది బుజ్జమ్మ. గొంతు పెంచేది కాదు. ఆ మాట చెబుతూనే ఇంకాస్త పులుసు పోసేది. డ్రైవర్లు కలిపిన ముద్ద చేత్తోనే పట్టుకుని ఉండిపోయేవారు. గుమాస్తాలకు నెయ్యి వేసిన పప్పు కూడా గొంతు దిగలేదు. లక్‌పతి అయితే డ్యూటీ దిగి వచ్చి, ఆకు ముందు కూర్చుని, ఒక్క ముద్దా కలపకుండా లేచిపోయాడు.

మంచి మాటలే వచ్చాయనుకోకండి. తిండికొచ్చామా, తిట్లు తినడానికొచ్చామా అని కొందరు వేరే హోటలు చూసుకున్నారు. ఎక్కడివాళ్లో తెలియని దొంగముఖాల కోసం ఈ ముసలిదానికి ఎందుకింత నొప్పి, ఇదీ బయటిదేగా అన్నారు. ఇన్నేళ్లు ఆవిడ చేతి ముద్ద మింగిన నోళ్లే ఆ మాట అన్నాయి! ఆత్మహత్య ప్రయత్నమని కేసు పెడతామని ఆఫీసరు కబురు పెట్టాడు. వంట చేస్తూ ఆత్మహత్య చేసుకునేవాళ్లుంటారా, జడ్జిగారు కూడా నవ్వుతారని ఆవిడ తిరుగు కబురు పెట్టింది. ఒక చోటా లీడరు ఫొటోగ్రాఫరును, పూలదండను, గ్లాసులో నిమ్మరసాన్ని వెంటబెట్టుకొచ్చాడు. దండ వేసి, నిమ్మరసం తాగించి, దీక్ష విరమింపజేశానని పేపర్లో వేయించుకోవాలని ఆయన ఆరాటం. ఆ నిమ్మరసమేదో గోదాములో పిల్లలకు తాగించి రమ్మంది బుజ్జమ్మ. ఆయనకు వేరే మీటింగు గుర్తొచ్చింది.

ఆవిడకు చక్కెర జబ్బు. పూట తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. రోజులు గడిచేకొద్దీ ముఖం వాడిపోయింది. ఒకసారి సాంబారు గిన్నె దించబోయి కళ్లు తిరిగి గోడకు ఆనుకుంది. బోధన్ నుంచి కూతురు సిరీష వచ్చి ఏడ్చింది, కోప్పడింది, చెయ్యి పట్టుకుని దవాఖానకు లాగింది. నీకేమైనా అయితే వాళ్లొస్తారా అని అడిగింది. వాళ్లు రాలేరు కాబట్టే కదా తల్లీ అంది బుజ్జమ్మ. సిరీష కొంగు బిగించి కూరలు తరగడానికి కూర్చుంది. అవతల గోదాము నుంచి ఫజల్ తెచ్చే కబురు అంతకంటే చేదుగా ఉండేది. మర్జినాకు పాలు ఇంకిపోయాయట. బిడ్డ కళ్లు తేలేస్తోందట. డాక్టరును పంపమంటే, ముందు లెటర్ రావాలన్నారట. లెటర్ వచ్చేదాకా బిడ్డ ప్రాణం ఆగి ఉండాలి కదా! ఎవడికీ ఆ ఆలోచన లేదు.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు జరిగింది మా బాన్సువాడలో తప్ప ఇంకెక్కడా జరగదు. ఒక పెద్దావిడ తిండి మానేసిందనీ, మానేసి కూడా ఊరందరికీ అన్నం పెడుతోందనీ వీధుల్లో మాట పాకింది. పాకుతూ పాకుతూ అది వ్రతమైపోయింది. పొద్దున స్నానాలు చేసి, పసుపు కుంకుమలు, కొబ్బరికాయలు పట్టుకుని ఆడవాళ్లు మెస్సుకు గుంపుగా వచ్చారు. ఏ అమ్మవారి మొక్కు, ఎన్ని వారాలు పట్టాలి, కోరిక తీరుతుందా అని అడిగారు. ఒకామె ఏకంగా బుజ్జమ్మ కాళ్లకు పసుపు రాయబోయింది. బుజ్జమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అనిపించిందట ఆ క్షణాన.

"నా కాళ్ల దగ్గరేముందమ్మా?" అంది. "అమ్మవారు ఆ మిల్లు గోదాములో ఉంది. చంటిబిడ్డతో ఉంది. తాళం వేశారు. మొక్కేదుంటే అక్కడికి పోయి మొక్కండి."

విసుగుతో అన్న మాట అది. వాళ్లు నిజమేననుకున్నారు. గోదాములో అమ్మవారు వెలిసిందట, అధికార్లు తాళం వేశారట! చాంద్రి నవ్వు ఆపుకుని, రండ్రి నేను తోవ చూపెడత అని ముందు నడిచింది. వీధి వీధికీ గుంపు పెరిగింది. ఫజల్ ఆటోలో ముసలమ్మలు ఎక్కారు. మిల్లు ముందుకు చేరి, వద్దు వద్దంటున్న జవాన్లను పట్టించుకోకుండా, షట్టరుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మెట్టు మీద కాయలు కొట్టారు. లాఠీ తీయబోయిన జవాను, హారతి పళ్లెం మీదికి లాఠీ ఎత్తడానికి జంకాడు. లక్‌పతి అసలు పక్కకే తప్పుకున్నాడు.

దర్శనం కోసం ఆడవాళ్లు షట్టరు కింద సందుకు వంగారు. ముందు వంగినామె అలాగే ఉండిపోయింది. వెనకామె తోసుకుని చూసింది. వెలసిన అమ్మవారు లేదు. పగిలిన కవర్లున్నాయి, ఈగలున్నాయి. గోడకానుకుని ఎముకలపోగైన పడుచుపిల్ల ఒడిలో బిడ్డ ఉంది. సందులోంచి చిన్న చెయ్యొకటి బయటికి వచ్చి మెట్టు మీద పడ్డ కొబ్బరి చిప్పను పట్టుకుంది.

అప్పుడు లేచింది అసలు గొడవ. మొక్కుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు కోపం వస్తే ఆపడానికి ఏ సెక్షనూ లేదు. షట్టరు మీద గుద్దారు. పసిపిల్లలకు అన్నం విసురుతార్రా, మీ ఇళ్లల్ల తల్లులు లేరా అని జవాన్లను కడిగేశారు. కబురంది ఆఫీసరు జీపులో వచ్చాడు. ఆ ఆడవాళ్ల గుంపులో ఆయన భార్య కూడా కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉందని తర్వాత ఊరంతా చెప్పుకుంది. నిజమో కాదో నేను చూడలేదు. పర్మిషన్ ఎవరిచ్చారో, ఏ జిల్లా నుంచి వచ్చిందో కూడా తెలియదు. అన్నాళ్లు రాని పర్మిషన్ ఆ పూట జీపు దిగేలోపే వచ్చేసింది. షట్టరు లేచింది.

బుజ్జమ్మకు ఫజల్ కబురు తెచ్చాడు. ఆవిడ అప్పటికి నిలబడలేని స్థితిలో ఉంది. అయినా సిరీష భుజం పట్టుకుని గుండిగలతో పాటు వచ్చింది. మిల్లు ఆవరణలో వడ్లు ఆరబోసే గచ్చు ఉంది. పక్కనున్న వేపచెట్ల నీడ దానిమీద పడుతోంది. ఆ గచ్చు కడిగించింది. దవాఖాన నుంచి డాక్టరు వచ్చి ముందు బిడ్డను చూశాడు, చుక్క చుక్కగా నీళ్లు పట్టించమన్నాడు. చాంద్రి తెచ్చిన కట్ట ముడి ఆ రోజు విప్పారు. వరసగా విస్తర్లు వేశారు. గోదాములోంచి మనుషులు ఒక్కొక్కరే వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ వచ్చి కూర్చున్నారు. చేతుల మీద నీళ్లు పోస్తే కొందరు ఆ నీళ్లే తాగేశారు. పారిపోతారన్న మనుషులు కదలడానికే గోడ పట్టుకున్నారు. ఊరివాళ్లు చుట్టూ నిలబడి చూశారు. ఆఫీసరు జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. బుజ్జమ్మ తన చేత్తోనే వడ్డించింది, నెయ్యితో సహా.

అందరూ కలుపుకున్నారు, మర్జినా తప్ప. అన్నం ముందు పెట్టుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తినమ్మా అని బుజ్జమ్మ సైగ చేసింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి ఫజల్‌తో వచ్చీరాని హిందీలో ఏదో చెప్పింది. ఫజల్ బుజ్జమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు తినలేదని నేనే చెప్పిన లోపలోళ్లకు. నువ్వు తింటెనే తింటనంటుంది. ఆళ్ల ఊర్ల గూడ పెట్టిన తల్లి తినకుంటే బుక్క దిగదంట."

బుజ్జమ్మకు చిన్నవ్వ గుర్తొచ్చింది. వానలో గుడ్డలో చుట్టిన రొట్టెలు గుర్తొచ్చాయి. బంతి లేవకముందు తినడం తన ఇంటా వంటా లేదని చెప్పబోయింది. చెప్పడానికి భాష లేదు. మర్జినా పప్పన్నం కలిపి ముద్ద చేసి, "పహలే ఆప్, మా" అని, ముందు నువ్వే తినమ్మా అన్నట్టు చెయ్యి చాపింది.  చుట్టూ నిలబడ్డవాళ్లలో గుసగుసలు లేచాయి, ఎవరి చేతి ముద్ద ఎవరు తింటున్నారని. బుజ్జమ్మ ఎవరివైపూ చూడలేదు. గచ్చు మీద ఆ పిల్ల పక్కనే చతికిలబడి నోరు తెరిచింది. జన్మలో మొదటిసారి బంతి మధ్యలో కూర్చుని అన్నం తింది. తింటూ ఏడ్చింది. కోపంతోనే ఏడ్చానని తర్వాత చెప్పింది. ఒక మనిషిని ఆకు ముందు కూర్చోబెట్టడానికి ఇంత తంతు కావాల్సి వచ్చినందుకట.

ఆ తర్వాత గోదాముకు పగలంతా తలుపు తీసి ఉంచారు. ఆడవాళ్లకు తడికలు కట్టారు. రోజూ బంతి వేశారు. బిడ్డ తేరుకుంది. ఇదంతా జరిగిందని చెప్పుకుని ఊరు మురిసిపోయింది. ఆ మురిపెం తీరకముందే ఒక పొద్దున పెద్ద వ్యాన్లు వచ్చాయి. విచారణ అయిపోయిందన్నారు. ఏం తేలిందంటే అది చెప్పకూడదన్నారు. బుజ్జమ్మ పరుగున పులిహోర కలిపి, కవర్లు కాదు, మోదుగాకుల్లో పొట్లాలు కట్టి, కిటికీల్లోంచి చేతికి అందించింది. మర్జినా బిడ్డ చెయ్యి పట్టుకుని ఊపించింది. వ్యాను ఎటు పోయిందో, సరిహద్దుకో, ఇంకో ఊరి గోదాముకో, ఇంటికో, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఫజల్ ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగాడు. మళ్లీ ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు పేరు చెప్పింది.

మిల్లు ఆ తర్వాత ఫంక్షన్ హాలైంది. అక్కడ పెళ్లి వంటలకు రమ్మంటే బుజ్జమ్మ పోలేదు. బుజ్జమ్మ దీక్ష అని ఎవరైనా గొప్పగా మొదలుపెడితే కసిరేది. దీక్షా లేదు, వ్రతమూ లేదు, బంతి లేవలేదు అంతే అనేది. వాళ్లు నిజంగా ఏ దేశం వాళ్లమ్మా అని ఒక కుర్ర విలేకరి అడిగితే, నాకు తెలియదు, అడగలేదు అంది.

మెస్సు మాత్రం చాలా ఏళ్లు నడిచింది. బంతులు నడిచాయి, కడబంతి లేచాక ఆవిడ తన విస్తరి వేసుకునేది. ఒక్క మార్పు మాత్రం మెస్సులో తినేవాళ్లందరికీ తెలుసు. సాయంత్రం టీకి వచ్చిన డ్రైవరో, గుమాస్తానో అలవాటుగా తిన్నవా అమ్మా అని అడిగితే, ఆవిడ చేతిలో పని ఆపి, రోడ్డు వైపు ఒకసారి చూసి అప్పుడు చెప్పేది.

"నేను తిన్నాను నాయనా. వాళ్లు తిన్నారో లేదో."